ఫిరంగి దళం తరఫున

ఆ కంచు దుప్పికి ఎంత పొగరో అనుకుంటాను చూసినప్పుడల్లా, రాళ్ళగుట్ట మీద నాలుగు కాళ్ళూ నిగడదన్ని, మెడ చాచి మూతి పైకెత్తి, ఎదురుగా ఉన్నది పార్కూ బాతుల చెరువూ అన్న సంగతే పట్టనట్టు, మొదటి యుద్ధంలో ఫ్రాన్సు బురదలో ఎక్కడో మిగిలిపోయిన మా కుర్రాళ్ళని ఇంకా పేరుపేరునా పిలుస్తున్నట్టు, పొగరంటే అలా ఉండాలి, ఎవడో భుజం తట్టాడని వచ్చేది కాదు, వానా మంచూ పక్షిరెట్టా అన్నీ నెత్తిన పడుతున్నా దించని తల, నాకది నచ్చుతుంది, నాకు నచ్చేవి తక్కువ, మా ఆవిడ రోడా నన్నొదిలి అల్బెర్టా పోయేముందు అదే అంది, నీకు నచ్చాలంటే రాయితోనో కంచుతోనో చేసినవి అయ్యుండాలి సెల్బీ, నోరున్నవేవీ నీకు పడవు అని, అనుకోనీ, జులై ఒకటో తారీకు పొద్దున్నే ఈ పొగమంచులో చేతులు జేబుల్లో పెట్టుకుని దుప్పి ముందు నిలబడడం నాకు చిన్నప్పటి అలవాటు, ఈ ఊళ్ళో సగంమందికి అలవాటే, ఇవాళ మధ్యాహ్నం దాకా మాకు తద్దినం, మధ్యాహ్నం నుంచి కెనడాకు పుట్టినరోజు, జెండా సగం దాకా దించి ఉంచి పన్నెండు కొట్టగానే పైకి లాగుతారు, కేకు కోస్తారు, పొద్దున ఏడ్చిన పిల్లలే సాయంత్రం బుగ్గల మీద కెనడా జెండాలోని ఎర్ర ఆకులు వేయించుకుని గెంతుతారు, ఆ కుర్రాళ్ళంతా ఇదే తారీకున ఒక్క పొద్దుటిపూట నేలకొరిగినప్పటికి మాది కెనడా కాదు మరి, న్యూఫౌండ్‌లాండ్ మాకు మేమే ఒక దేశం, మా అమ్మ ఎఫీ అయితే పన్నెండు అయ్యేదాకా ఇంట్లో రేడియోలో పాట కూడా మోగనివ్వదు, రొట్టెపిండి పందికొవ్వులో వేయించి మీద నల్లటి పాకం పోసి మాకు పెట్టి, తుంటి నొప్పని తను రాలేదు గానీ గుమ్మంలో నిలబడి నా చెవిలో అంది, మీ నాన్నని ఇవాళ ఏమీ అనకు, ఆయన రాత్రంతా పడుకోలేదు అని.

ఎందుకు పడుకుంటాడు, పడుకోనిచ్చే పనా ఆయన చేస్తున్నది, అదిగో పక్కనే నిలబడ్డాడు, గార్లండ్ బడ్జెల్, పన్నుల ఆఫీసులో గుమాస్తాగా చేరి పెద్ద బల్ల దాకా ఎదిగి రిటైరైన మనిషి, నల్లకోటు, టై, బూట్లు అద్దంలా తుడిచాడు, ఎనభైకి ఏడాది తక్కువ వయసులో కూడా వీపు నిటారు, ఇంకో రెండు గంటల్లో ఊరి మధ్య స్మారకం దగ్గర మైకులో ఈయన పేరు పిలుస్తారు, ఫిరంగి దళం కుటుంబాల తరఫున అని, ఈయన పూలచక్రం పట్టుకుని మెట్లెక్కుతాడు, ఊరంతా టోపీలు తీస్తుంది, అందులో ఒకటే చిక్కు, మా తాత జేబెజ్ బడ్జెల్ జన్మలో ఫిరంగి ముట్టుకోలేదు, ఆయన చెట్లు కొట్టాడు, రెండో యుద్ధం మొదలైన శీతాకాలంలోనే బాడ్జర్ అడవుల నుంచి గొడ్డలి భుజాన వేసుకుని ఓడెక్కి స్కాట్లండ్ వెళ్ళిన అడవి దళంలో మనిషి, బొగ్గుగనుల పైకప్పులు కూలకుండా నిలబెట్టే దుంగలు, ఓడలకు పలకలు, రైలు పట్టాలకు దిమ్మెలు, యుద్ధం అయ్యేదాకా ఐదేళ్ళూ అదే పని, దుంగ దొర్లి నడుము మీద పడితే ఇంటికి కుంటుతూ వచ్చాడు, వాళ్ళకి యూనిఫారం లేదు, పతకాలు లేవు, మీరు సైనికులు కాదు కూలీలు అన్నారు, ఆ తర్వాతెప్పుడో వాళ్ళలో చాలామంది మట్టిలో కలిశాక, సరే మీరూ సైనికులే అన్నారట, ఆ మాట మా తాత సమాధికి వెళ్ళి చెప్పింది నేనే, పెద్దగా ఆశ్చర్యపోయినట్టు లేడు.

నాన్నకి ఆ గొడ్డలి చాల్లేదు, బాడ్జర్ నుంచి పట్నం వచ్చి ఉద్యోగంలో చేరిన కొత్తలో పై అధికారి అడిగాడట మీ నాన్న యుద్ధంలో ఏం చేశాడోయ్ అని, ఈయన నోట్లోంచి ఫిరంగి దళం అని వచ్చేసింది, వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోలేదు, మెల్లగా దానికి చేతులూ కాళ్ళూ మొలిచాయి, దుంగ పడ్డ నడుములో గుండు ముక్క దూరింది, ఇటలీ వచ్చింది, ఒక కొండా ఒక నదీ వచ్చాయి, సిరిల్ పడెస్టర్‌తో శనివారం శనివారం బీరు తాగుతూ యాభై ఏళ్ళు చెప్పిందే చెప్పాడు, ఆ సిరిల్ వాళ్ళ నాన్న నిజంగా ఫిరంగి దళం వాడు, అసలు సిసలు వాడు, ఆ సిరిలే మూడు వారాల కిందట ఫోను చేశాడు, ఒరే గార్లండూ, మన నాన్నల్లో ఒక్కడు కూడా మిగల్లేదురా, ఈ ఏడు పూలు నువ్వు పెట్టు, మెట్ల దగ్గర చక్రాలు అందించే పని నాది అని, నాన్న సరే అన్నాడు, కాదనడానికి ఒక్క క్షణం చాలు, కానీ సరే అన్నాడు, నేను అక్కడే బల్ల దగ్గర టీ తాగుతున్నాను, కప్పు కింద పెట్టిన చప్పుడుకి అమ్మ ఉలిక్కిపడింది.

పద నాన్నా టైమవుతోంది అంటే కదలడు, దుప్పినే చూస్తాడు, తర్వాత ట్రక్కెక్కి సీటుబెల్టు పెట్టుకుంటూ అన్నాడు, ఒకసారి రేవు అవతలకి పోనీ, ఆ ఫిరంగుల దగ్గరికి, ఇప్పుడా అన్నాను, ఇప్పుడే అన్నాడు, సరే మహారాజా, నీ ఫిరంగులు నువ్వు చూసుకోకపోతే ఎలా, అన్నాను, నోర్ముయ్ రోడ్డు చూసుకో అన్నాడు, అమ్మకిచ్చిన మాట పార్కు గేటు దాటకుండానే పోయింది, రేవు పక్క నుంచి పోతుంటే నా ఓడలు కనిపించాయి, నావంటే నావి కావు, సముద్రంలో చమురు తోడేచోటికి సరుకు మోసే ఎర్ర ఓడలు, అవి వచ్చినప్పుడు తాళ్ళు అందుకుని గూటాలకు కట్టడం నా పని, కాగితం మిల్లు మూతపడి అడవిలో పని పోయాక ఈ వయసులో నాకు దొరికింది అది, నాన్న ఎవరికీ చెప్పడు, మావాడు రేవులో ఉంటాడు అంటాడు, వినేవాడు కెప్టెన్ అనుకుంటే అనుకోనిస్తాడు, తండ్రికి ఫిరంగి ఇచ్చిన మనిషి కొడుక్కి ఓడ ఇవ్వలేడా ఏం.

రేవు మూతి దగ్గర దీపస్తంభం కింద ఇంకా పడి ఉన్నాయి ఆ ఫిరంగులు, జర్మనీ జలాంతర్గాములు లోపలికి రాకుండా పెట్టినవి, గొట్టాలు తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతూ, ఒకదాని మీద సీగల్ పక్షి కూర్చుని మమ్మల్ని చూసి నువ్వెవరన్నట్టు అరిచింది, నా చిన్నప్పుడు నాన్న నన్ను ఇక్కడికే తెచ్చేవాడు, నన్ను గొట్టం మీద ఎక్కించి, మీ తాత కాల్చినవి ఇలాంటివేరా, దీనికన్నా పెద్దవి అనేవాడు, నేను కాళ్ళు ఊపుకుంటూ నమ్మేవాణ్ణి, ఆరేళ్ళవాణ్ణి ఎందుకు నమ్మను, నాకు పన్నెండేళ్ళప్పుడు తాత ఒకే ఒక్కసారి జులై ఒకటికి పట్నం వచ్చాడు, స్మారకం పైన డక్‌వర్త్ వీధి వైపు పతకాల వాళ్ళంతా వరసగా నిలబడితే ఆయన కింద వాటర్ వీధిలో, మెట్లకి దూరంగా, టోపీ తీసి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు, పైకి పోదాం తాతా అంటే, అది వాళ్ళ చోటురా నాయనా, మనకి ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది అన్నాడు, అయిపోయాక ఛాతీ నిండా పతకాలున్న ముసలాయన ఒకడు అటుగా వచ్చి, ఏ దళం దొరా నీది అన్నాడు, అడవి దళం అన్నాడు తాత, ఓహో, చెట్లు తిరిగి కాల్చాయా మరి, అని పక్కవాళ్ళ వైపు చూసి కన్ను కొట్టాడు, అందరూ నవ్వారు, తాత కూడా నవ్వి, ఒకటి కాల్చింది బాబూ, సూటిగా నడుము మీద, అన్నాడు, ఇంకా గట్టిగా నవ్వారు, ఆ ముసలాయన తాత చెయ్యి పట్టుకుని ఊపాడు కూడా, నేను చూసుకుంటే నాన్న పది అడుగుల దూరంలో రాతి మీద అక్షరాలు చదువుతున్నాడు, ఎప్పుడూ చూడనట్టు, పరాయివాడిలా.

అప్పుడు తెలిసింది నాకు, తెలిసినవాణ్ణి ఊరుకుంటానా, స్కూల్లో టీచరు అడిగితే మా తాత గొడ్డలితో యుద్ధం గెలిచాడు అని చెప్పాను, గర్వంగానే చెప్పాను, అప్పట్నుంచి నేను కనిపిస్తే చాలు వెనక బెంచీవాళ్ళు రంపం చప్పుడు మొదలుపెట్టేవాళ్ళు, ర్ర్ర్ర్ అని, చెట్టు పడుతోంది తప్పుకోండ్రోయ్ అని, రెండేళ్ళు విన్నాను, మూడో ఏడు ఒకడి పన్ను ఊడగొట్టాను, హెడ్మాస్టరు నాన్నని పిలిపించాడు, ఇదేంటి బడ్జెల్ గారూ, తాతని ఎగతాళి చేశారని కొట్టానంటాడు మీవాడు, ఆయన అడవి దళమా అని అడిగాడు, నేను నాన్న మొహం చూస్తున్నాను, ఒక్క అవును చాలు, నాన్న గొంతు సవరించుకుని, మావాడికి కథలు అల్లడం అలవాటండీ, మా నాన్న ఫిరంగి దళం అన్నాడు, నన్ను చూడకుండానే, కిటికీలోంచి ఆటస్థలం చూస్తూ, నేను మర్నాడు స్కూలుకి పోలేదు, ఆ మర్నాడూ పోలేదు, బస్సెక్కి బాడ్జర్ పోయి తాత గుమ్మంలో నిలబడ్డాను, తాత ఏమీ అడగలేదు, బీన్స్ వండి పెట్టాడు, తెల్లారి నా చేతికో గొడ్డలి ఇచ్చాడు, చదువు అంతే నాది, అక్కడితో సరి.

నాన్న తుప్పు గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, అటు తిరిగే అడిగాడు, మీ తాత దగ్గర పదేళ్ళున్నావు కదా, నా గురించి ఎప్పుడైనా ఏమన్నా అన్నాడా, దేని గురించి అన్నాను, తెలిసే అడిగాను, ఇదిగో దీని గురించి, అని గొట్టం మీద తట్టాడు, ఆయనకి తెలీదనుకుంటా, బాడ్జర్ దాకా ఎవరు మోసుకెళ్తారు ఇలాంటివి, అన్నాడు, అంటే ఈ మనిషి ఇన్నేళ్ళూ అలా అనుకునే బతికాడా, నాకు నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు, ముప్పై ఏడేళ్ళుగా కడుపులో దాచుకున్నది ఇప్పుడు విసిరితే ఎంత బాగా తగులుతుందో అనిపించింది, విసిరాను, ఆయనకి మొదట్నించీ తెలుసు నాన్నా, నేను స్కూలు మాట చెప్పినప్పుడే అన్నాడు, పోనీలేరా, వాడికి ఫిరంగి కావాల్సొచ్చింది, ఉంచుకోనీ, నాకేం తరిగిపోతుంది, అన్నాడు, నన్ను కూడా ఎక్కడా ఎత్తొద్దన్నాడు, పట్నంలో వాడి పరువు వాడికుంటుంది, మనం చెడగొట్టడం దేనికి అన్నాడు, ఇంకో మాట కూడా అన్నాడు, ఒక జులైకి నేను వాడి వెనకాల వెళ్ళి నిలబడితే నా కుంటి నడక చూసి వాడు ఇబ్బంది పడ్డాడురా, ఇంక వెళ్ళను అన్నాడు, అందుకే మళ్ళీ రాలేదు పట్నం, విన్నావా నాన్నా, నీ కోసమే రాలేదు, సంగతి అంతా చెప్పేశాక చూస్తే అది తగలాల్సిన చోట తగిలినట్టే ఉంది, కానీ నాకు రావాల్సిన సంతోషం రాలేదు, నాన్న చేతికంటిన తుప్పు రుమాలుతో తుడుచుకోవడం మొదలుపెట్టి తుడుస్తూనే ఉన్నాడు, చలిగాలికి కళ్ళు నీళ్ళు కారుతాయి ముసలివాళ్ళకి, అదే అయ్యుంటుంది, పద సెల్బీ ఆలస్యమైతే సిరిల్ గోల చేస్తాడు అన్నాడు చివరికి.

ట్రక్కు కొండ మీద వదిలి నడిచాం, జనం, జనం, కోటు మీద అందరికీ చనిపోయినవాళ్ళ గుర్తుగా ఆ చిన్న నీలిపూలు, కెనడా అంతా నవంబరులో ఎర్రపువ్వు పెట్టుకుంటే పెట్టుకోనీ, జులైలో మాది నీలమే, ఎవరి పక్కన నిలబడ్డా ఎవడో ఒకడు పోయినవాడి పేరు వినిపిస్తుంది, మా పెదనాన్న, మా అమ్మమ్మ తమ్ముడు, చెప్పేటప్పుడు గొంతులో ఏడుపుండదు, మా పొలం ఇది అని చూపించినట్టు ఉంటుంది, అదిగో స్మారకం, పైన కంచులో దీపం ఎత్తి పట్టిన ఆవిడ, కింద సైనికుడు, నావికుడు, చేపలు పట్టేవాడు, వాళ్ళతో సమానంగా గొడ్డలితో మా అడవి మనిషి, ఇంకే దేశంలో ఉందో చూపించమనండి, ఊరి నడిబొడ్డున, రేవుకి ఎదురుగా, రాజులకీ సేనాపతులకీ ఇచ్చే పీఠం మీద చెట్లు కొట్టేవాణ్ణి నిలబెట్టినవాళ్ళు ఎవరున్నారో, మొదటి యుద్ధం అవగానే మా వాళ్ళు నిలబెట్టారు, బీద దేశం, తినడానికి ఎండుచేప, అయినా మరిచిపోలేదు, రెండో యుద్ధం వాళ్ళని మాత్రం కూలీలన్నారు, కంచు మనిషికిచ్చిన గౌరవం ఊపిరున్నవాడికి ఇవ్వడానికి చేతులు రాలేదు, అయినా వాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఛాతీ ఉబ్బుతుంది, పన్నెండేళ్ళప్పుడు ఆ బూట్లు తాతవే అనుకునేవాణ్ణి.

రారా గార్లండూ, చచ్చావనుకున్నాను అన్నాడు సిరిల్ మెట్ల దగ్గర, పీపాలాంటి మనిషి, వాళ్ళ నాన్న పతకాలు కుడివైపు పెట్టుకున్నాడు, సెల్బీ, నువ్వు కూడా గడ్డం గీసుకున్నావంటే ఇవాళ నిజంగా పెద్ద రోజేరా అన్నాడు, మీ కోసం కాదులే బాబాయ్, దుప్పి కోసం అన్నాను, నవ్వాడు, బాకా ఊదారు, ఆ ఊదుడికి నాకు ఎప్పుడూ మెడ వెనక వెంట్రుకలు నిక్కుతాయి, తర్వాత నిశ్శబ్దం, రేవులో ఓడల ఇంజన్లు కూడా ఆపేశారు, మా వాళ్ళే, నాతో తాళ్ళు పట్టేవాళ్ళే, అంతమంది జనంలో ఒక పసిపిల్ల దగ్గు తప్ప ఏమీ లేదు, కొండ మీద ఫిరంగి పేలింది, పావురాలు లేచాయి, పేర్లు పిలవడం మొదలైంది, గవర్నరు తరఫున, నగరం తరఫున, నావికుల తరఫున, నాన్న పెట్టేస్తాడు, ఇంకేముంది, పెట్టేస్తే ఇంక అది రాయి మీద చెక్కినట్టే, తాత ఎప్పటికీ ఫిరంగి దళం, నేను ఎప్పటికీ కథలు అల్లేవాణ్ణి, అంతే కదా, ఇన్నేళ్ళూ అయ్యాను, ఇంకా అవుతాను, ఫిరంగి దళం కుటుంబాల తరఫున, గార్లండ్ బడ్జెల్.

నాన్న మెట్లెక్కాడు, సిరిల్ చక్రం అందించాడు, నాన్న చేతులు చాచలేదు, తీసుకోరా అన్నాడు సిరిల్ పళ్ళ మధ్య నుంచి, నాన్న ఏదో అన్నాడు, సిరిల్ వంగాడు, ఏంటీ, అన్నాడు, ఇది నువ్వు పెట్టాలి సిరిల్, మీ నాన్నది, మా నాన్న ఫిరంగి ఎప్పుడూ కాల్చలేదు, ఆయన అడవి దళం, అన్నాడు నాన్న, పక్కనే మైకు ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు, సగం మాటలు మైకులో పడి వీధుల మీదికి గరగరమంటూ పోయాయి, సిరిల్ మొహం ఎర్రబడింది, మరి ఆ నడుములో గుండు ముక్కరా అన్నాడు, అది పూర్తిగా వినిపించింది అందరికీ, దుంగ, అన్నాడు నాన్న, యాభై ఏళ్ళు నా బీరు తాగుతూ ఇటలీ ఇటలీ అన్నావు కదరా దొంగనాయాలా అన్నాడు సిరిల్, ఎవరో కిసుక్కుమన్నారు, కింద వాటర్ వీధి వైపు నుంచి ఒక ముసలావిడ గొంతు, గట్టిగా చెప్పు నాయనా, ఇక్కడ వినపళ్ళేదు, అని అరిచింది, ఈ ఊరివాళ్ళకి చావు దగ్గర కూడా సిగ్గుండదు, నాకు వెళ్ళి నాన్నని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేద్దామా అనిపించింది, ఆయన మాత్రం మైకు వైపు తిరిగాడు, టోపీ తీశాడు, మా నాన్న జేబెజ్ బడ్జెల్, అన్నాడు, బాడ్జర్ మనిషి, యుద్ధమంతా స్కాట్లండ్‌లో చెట్లు కొట్టాడు, నేను వేరేగా చెప్పాను ఇన్నేళ్ళూ, మా అబ్బాయి పదిహేనేళ్ళప్పుడే నిజం చెప్పాడు, వాడు అబద్ధమాడుతున్నాడని నేను అన్నాను, అంతే, అని ఆగిపోయాడు.

సిరిల్ చక్రాన్ని కాసేపు పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుని నిలబడి, సరే, వెళ్ళు, నీ మనిషి అటున్నాడు, అన్నాడు గరుకుగా, తను వెళ్ళి వాళ్ళ నాన్న పూలు వాళ్ళ నాన్నకి పెట్టాడు, నాన్న ఒట్టి చేతులతో పీఠం పక్క నుంచి గొడ్డలి మనిషి వైపు నడిచాడు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టే రోజు కాదు, కానీ దారిలో ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకున్నారు, పతకాల వాళ్ళు కూడా, ఆ పీఠం ముందు రాతి మీద నాన్న ఒక మోకాలు ఆనించాడు, అరిచెయ్యి రాయికి ఆనించి తల దించుకున్నాడు, ఏమన్నాడో తెలీదు, అన్నాడో లేదో కూడా తెలీదు, తర్వాత లేవబోతే లేవలేకపోయాడు, ఒకసారి ప్రయత్నించాడు, రెండోసారి, అప్పుడు వెనక్కి తిరిగి జనంలో వెతికాడు, ఎవర్ని వెతుకుతున్నాడో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, సెల్బీ అన్నాడు, అందరి ముందూ, ఒరే సెల్బీ, చెయ్యివ్వరా, నేను వెళ్ళాను, నా కాళ్ళు వెళ్ళాయి, చంకలో చెయ్యి వేసి లేపాను, ఎంత తేలిగ్గా ఉన్నాడు ఈ మనిషి, నా భుజం పట్టుకున్నాడు, నిలబడ్డాక కూడా వదల్లేదు, ఓడల తాళ్ళు కట్టి కట్టి మోటుగా తయారైన భుజం, దాని మీద బరువంతా వేసి ఊరి ముందు అలాగే నిలబడ్డాడు, రేవు గాలికి నెరిసిన జుట్టు లేచి పడుతోంది, టోపీ పెట్టుకో నాన్నా చలి అన్నాను, ఉండనీ అన్నాడు, నేను జీవితమంతా మా తాతని చూసి గర్వపడ్డాను, ఎవరడిగినా జేబెజ్ మనవణ్ణి అనే చెప్పాను, తాతకీ నాకూ మధ్యలో ఉన్న మనిషిని గుంట దాటినట్టు దాటేసి, ఆ దాటడమే నా పొగరు అనుకున్నాను, ఇప్పుడు మెట్లు దిగుతుంటే పక్కన ఎవడో కుర్రాడు వాళ్ళావిణ్ణి అడుగుతున్నాడు, ఎవరా ముసలాయన అని, ఆవిడకి తెలీదు, నేను ఆగాను, ఆగి వాడికి చెప్పాను, మా నాన్న అని.